గూడు మరిచిన పురుగులు

పట్టుపురుగుకు పగ తెలీదు. ఆకు తింటుంది, జ్వరం వచ్చినట్టు పడుకుని పొర విడుస్తుంది, లేచి మళ్లీ తింటుంది. కడుపు నిండాక గూడు కట్టుకుని అందులో ముడుచుకుంటుంది. అంత నోరులేని ప్రాణికి పగ నేర్పిన మనిషి డాక్టర్ గంగరత్న. హిందూపురం దగ్గర ఒక పట్టు పరిశోధనశాలలో ఆమె పెద్ద సైంటిస్టు. మడకశిర పక్కన పురుగుల షెడ్డులోనే పుట్టి పెరిగింది కాబట్టి పురుగుల గురించి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

సంగతి మొదలైంది టీవీలో. సాగర విపణి సంఘం అని కొన్ని దేశాల కూటమి ఉంది, మనమూ అందులో ఉన్నాం. ఆ సంఘంలోకి మెరోవా అనే దేశాన్ని కొత్తగా చేర్చుకున్నారు. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు చేతులు కలిపి నవ్వుతుంటే మడకశిరలో టీ తాగుతున్నవాళ్లు చానెల్ మార్చేశారు. ఆ చేతులు తమ జేబులోకే వస్తున్నాయని ఎవరికి తెలుసు? మెరోవాలో కొండలు, చల్లగాలి, ఏడాది పొడుగునా వాన. బోరు వేయకుండానే మల్బరీ చెట్టు మనిషెత్తు పెరుగుతుంది. సభ్యదేశం అయ్యాక సుంకం లేదు, పరిమితి లేదు. పడవల నిండా మెరోవా పట్టుదారం వచ్చి పడింది. హిందూపురం గూళ్ల మార్కెట్లో వేలంపాట పాడేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

గంగరత్న అన్న నంజుండప్ప తన మల్బరీ తోట పీకించిన రోజు ఆమె ప్రయోగశాల నుంచి నేరుగా ఊరికి వచ్చింది. మల్బరీ మొద్దు ఊరికే రాదు. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగుతుంటే వేర్లు తెగే చప్పుడు గట్టు దాకా వినిపిస్తోంది.

"ఏంటికన్నా ఇంత తొందర? ఇంగొక పంట చూడగూడదా?" అంది.

"ఎన్ని పంటలు చూసేది రత్నా? గూళ్లు మార్కెట్టుకు తీసకపోతే ధర చెప్పేవాడు ల్యాడు. మళ్లా ఇంటికి మోసుకొచ్చుకుంటి. ఆ గూళ్లల్లోనించి రెక్కలొచ్చి పట్టుచిలకలు బయటికొచ్చి ఇల్లంతా ఎగిరినాయి. నీ వదిన తలుపు మూసుకోని ఏడ్చింది."

ఆ రోజు అన్నం దగ్గర గంగరత్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు. కంచం ముందు కూర్చుని, చనిపోయిన తల్లి పేరెత్తి ఒట్టేసింది.

"ఆ దేశం కూడు తిన్నోళ్ల మొగం నేను చూడను. అమ్మ మీద ఒట్టు. వాళ్ల షెడ్లు గూడా ఇట్లే ఖాళీ అయ్యేది చూస్తా."

ఆ వైపు ఇళ్లలో తల్లి మీద ఒట్టేస్తే ఎవరూ ఎదురు చెప్పరు. నంజుండప్ప తలొంచుకుని తిన్నాడు. వదిన ఓబుళమ్మ మజ్జిగ పోసింది. కొన్నాళ్లకు నంజుండప్ప బెంగుళూరులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లాడని వదిన ఫోన్లో చెప్పింది. పంట పండించి మార్కెట్లో మీసం తిప్పిన మనిషి ఇప్పుడు ఎవరి కార్లకో గేటు తీస్తున్నాడని తలుచుకుంటే గంగరత్నకు కడుపు రగిలిపోయింది.

ఆ మంట మీద నెయ్యి పోసినట్టు, ఒకరోజు డైరెక్టర్ ఆమెను పిలిచాడు.

"మెరోవా వాళ్లు మన ఎండకు తట్టుకునే రకం అడుగుతున్నారు. కొండల్లో చోటు చాలట్లేదట, మైదానాల్లో కూడా పురుగుల్ని పెంచుతారట. సంఘం రూలు తెలుసుగా, ఒక సభ్యదేశం విత్తనం అడిగితే ఇంకో సభ్యదేశం ఇవ్వాల్సిందే. ఆ విత్తనానికి తల్లి గుడ్లు మీరే సిద్ధం చేయండి."

"మన తోటలు పీకించినవాళ్లకు మన గుడ్లా సార్?"

"నాకు మాత్రం సంతోషమా అమ్మా? పైనుంచి ఆర్డరు."

గంగరత్న సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని డైరెక్టర్ ఆశ్చర్యపోయాడు కూడా.

ఆమె చాలా ఏళ్లుగా ఒకే ప్రశ్న మీద పనిచేస్తోంది. గూడు కట్టమని పురుగుకు ఎవరు చెబుతారు? తల్లి పట్టుచిలుక గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, పిల్ల దాన్ని చూడను కూడా చూడదు. అయినా వేళ వచ్చేసరికి తలెత్తి దారం తీయడం మొదలుపెడుతుంది. ఆ కబురు పంపే జన్యువును ఆమె పట్టుకుంది. దాన్ని కొద్దిగా మారిస్తే తరం మారేకొద్దీ కబురు బలహీనపడుతుందని కూడా కనిపెట్టింది. మొదటి తరాలు మామూలుకంటే గట్టి గూళ్లు కడతాయి. తర్వాత ఒక తరం దగ్గర కబురు పూర్తిగా ఆగిపోతుంది.

అలాంటి పురుగుల్ని ఆమె మొదటిసారి తన ట్రేలోనే చూసింది. ఒళ్లంతా పట్టు నిండి పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. చంద్రిక అనే వెదురు తడిక ఎక్కుతాయి, తల అటూ ఇటూ ఊపుతాయి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ దిగిపోతాయి. తిండి తినవు, దారం తీయవు. చివరకు నల్లబడి చస్తాయి. అది చూడలేక ఆమె విరుగుడు కూడా తయారుచేసింది. చివరి మేతలో ఆకు మీద చల్లితే ఆగిన కబురు మళ్లీ అందుతుంది, పురుగు గూడు కడుతుంది. అంతటితో ఆ పని పక్కన పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

ఇప్పుడు పక్కన పెట్టినదాన్ని బయటకు తీసింది. మెరోవాకు పంపిన, గుడ్లు అంటించిన కార్డుల్లో ఆ రకమే ఉంది. పెట్టె మీద సీలు కూడా తనే వేసింది. పండక్కి ఆడపడుచుకు సారె పంపుతున్నంత శ్రద్ధగా ప్యాక్ చేసింది.

ఇక ఎదురుచూడటమే. మెరోవాలో కొత్త రకం అదరగొడుతోందని వార్తలొచ్చాయి. గూడు బరువెక్కువ, దారం పొడవెక్కువ. అక్కడి ప్రభుత్వం పాత రకాలన్నీ ఆపేసి దేశమంతా హిందూపురం రకమే పెంచమంది. సంఘం పత్రికలో గంగరత్న ఫోటో వేసి, సభ్యదేశాల స్నేహానికి గుర్తని రాశారు. ఆమె ఆ కాగితాన్ని చక్కగా మడిచి దాచుకుంది. స్నేహమట! నవ్వొచ్చింది. పప్పు తాలింపు పెడుతున్నా, బస్సులో నిలబడి ఉన్నా ఆమె మనసు మెరోవా షెడ్లలోనే తిరుగుతుండేది. ఇప్పుడు ఇన్నో తరం, ఇప్పుడు జ్వరం వదిలి లేస్తుంటాయి అని లెక్క వేసుకునేది. పగ పెట్టుకున్న మనిషికి అంతకంటే తియ్యని కాలక్షేపం లేదు.

అన్న అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. వీడియో పెట్టమంటే సిగ్నల్ లేదనేవాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నది చెల్లెలికి చూపించడం నామోషీ కాబోలు అనుకుని ఆమె బలవంతపెట్టలేదు. ఒకసారి మాటల మధ్య సన్నగా జల్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఏందన్నా, బెంగుళూర్లో వానా?"

"ఊ, వానే," అని ఫోన్ పెట్టేశాడు.

మెరోవా కూలిపోవడం మూడు పొద్దుల్లో జరిగిపోయింది. దాదాపు దేశమంతా పురుగులు ఒకేసారి పండి గూడు కట్టే వేళకొచ్చాయి, ఒకేసారి గూడు మరిచిపోయాయి. టీవీలో షెడ్లు చూపించారు. నేల మీద, గోడల మీద, గుమ్మాల మీద పురుగులే. ముసలివాళ్లు చీపుళ్లతో ఊడుస్తున్నారు. పడవలు ఆగిపోయాయి. వారం తిరిగేసరికి హిందూపురం మార్కెట్లో గూళ్లకు పోటీ మొదలైంది. నాటడానికి మల్బరీ కట్టెల కోసం జనం సైకిళ్ల మీద, ఆటోల్లో పరుగెత్తారు. మడకశిర బస్టాండులో ఎవరో మిఠాయి పంచారు. గంగరత్నకు కూడా ఒక లడ్డు ఇచ్చారు. ఎవరివల్ల పంచుతున్నారో పంచేవాడికి తెలియదు. ఆమె తృప్తిగా తినేసింది.

ఆ లడ్డు తీపి నోట్లో ఉండగానే వదిన దగ్గరికి వెళ్లింది.

"వదినా, అన్నను వచ్చేయమను. తోట మళ్లా నాటుదాం. కట్టెలు నేనే తెప్పిస్తా."

ఓబుళమ్మ సంతోషించలేదు. స్తంభానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది వదినా? ఏంటికేడుస్తావు?"

"ఏం ల్యాదమ్మా. వస్తాడులే. రాక యాడికి పోతాడు?"

ఇన్నాళ్ల కష్టం గుర్తొచ్చిందేమో అనుకుంది గంగరత్న. కన్నీళ్లు తుడిచి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేసింది.

విత్తనం ఇచ్చిన దేశమే నిపుణుల్ని పంపి జబ్బేమిటో తేల్చాలని సంఘం అడిగింది. వెళ్లేదెవరు? గంగరత్నే. ఆమె బట్టలతోపాటు విరుగుడు సీసా కూడా సంచిలో పెట్టుకుంది. వాళ్లను కాపాడటానికి కాదు. మందు తన భుజానికి వేలాడుతుండగా, ఒక్క చుక్క కూడా విదల్చకుండా, వాళ్లు ఏడవడం కళ్లారా చూసి రావాలని. పగ ముదిరితే మనిషికి ఇలాంటి ముచ్చట్లే పుడతాయి.

మెరోవాలో తామిరా అనే సైంటిస్టు ఆమెను కలుసుకుంది. గంగరత్న వయసే ఉంటుంది, నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

"వైరస్ దొరకలేదు, విషం దొరకలేదు," అంది తామిరా. "పురుగు ఆరోగ్యంగా ఉంది. గూడు మాత్రం కట్టదు. ఇలాంటిది మీరెప్పుడైనా చూశారా?"

"లేదు. చూడాలి," అంది గంగరత్న. నిజం చెప్పాలంటే ఆ మాట కూడా ఆమెకు రుచిగానే ఉంది.

తామిరా ఆమెను కొండ కింద ఒక వీధికి తీసుకెళ్లింది. రెండు వైపులా రేకుల షెడ్లు. పై కొండల్లో పంట అప్పటికే పోయింది. ఇక్కడ గుడ్లు ఆలస్యంగా పొదిగించారు కాబట్టి పురుగులు ఇప్పుడే పండుతున్నాయి. మొదటి షెడ్డులో బెనా అనే ముసలామె ఒక పురుగును తీసి గంగరత్న అరచేతిలో పెట్టింది. అది తలెత్తి గాలిలో వెతికింది, ఆమె వేలెక్కింది, దిగింది. బెనా ఏదో అడిగింది. తామిరా చెప్పాల్సిన అవసరం లేకుండానే అర్థమైంది: దీనికేమైంది?

గంగరత్నకు జాలి కలగలేదు. ట్రాక్టరు గొలుసు కళ్ల ముందు కదిలింది. బాగా అయ్యింది, ఇంకా కావాలి అనుకుంది. సంచిని చంకకు దగ్గరగా లాక్కుని వీధిలోకి నడిచింది.

నాలుగైదు షెడ్లు దాటాక ఆగిపోయింది. ఒక గుమ్మానికి అడ్డంగా, మడకశిర షెడ్లలోలాగే, సున్నం చారిక వేసి ఉంది. పైన వేపమండ లేదు, వేప ఆ దేశంలో దొరకదు, దాని బదులు ఏదో చేదాకు రెమ్మ కట్టారు. లోపల గోడకు ఆనించిన చంద్రికలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పురుగులు ఆకు నములుతున్న చప్పుడు జల్లు పడుతున్నట్టు వినిపిస్తోంది.

లోపలి నుంచి బుట్టతో ఒక మనిషి బయటికొచ్చాడు. గడ్డం నెరిసింది, చిక్కిపోయాడు.

"రత్నా!" అన్నాడు నంజుండప్ప.

"అన్నా!" అంది ఆమె. తామిరా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నంజుండప్పను అడిగి అన్నాచెల్లెళ్లని తెలుసుకుని, మర్యాదగా పక్క షెడ్డుకు వెళ్లింది.

"నువ్వు బెంగుళూర్లో గదా ఉండేది?"

"నువ్వు అమ్మ మీద ఒట్టేస్తివి. ఈ కూడు తింటాండానని నీకెట్ల చెప్పేది? నీ మొగం చూడకుండా నేనుండగలనా?" నంజుండప్ప బుట్ట కింద పెట్టాడు. "సంఘంలో చేరినాక ఈడికి పనికి రావొచ్చనిరి. పురుగు పని తెలిసినోళ్లు కావాలనిరి. నాకు ఇంగేం తెలుసు చెప్పు? గేటు కాడ కూర్చునేది నా వల్ల కాల్యా. ఈ వీధోళ్లు నాకు షెడ్డిచ్చినారు, ఆకిచ్చినారు, భాష నేర్పినారు. ఈ పంట తీసి ఇంటికొచ్చి తోట నాటుదామనుకుంటి. పంట పోతే సర్కారోళ్లు షెడ్డు తీసేసుకోని పంపించేస్తారంట. వట్టి చేతులతో నీ వదిన మొగం ఎట్ల చూసేది?"

వదిన ఎందుకు ఏడ్చిందో గంగరత్నకు ఇప్పుడు తెలిసింది. తన ఒట్టుకు భయపడే ఇంట్లోవాళ్లు తన కళ్లు కప్పారు. అన్నకు తన చేతులతో తనే గొయ్యి తవ్వింది.

"లోపలికి రా. చూసి చెప్పు, నువ్వు డాక్టరువి గదా," అన్నాడతను. లోపల కొన్ని పురుగులు చివరి మేత మేస్తున్నాయి, పండినవి చంద్రికలు ఎక్కి దిగుతున్నాయి. నంజుండప్ప ఒకదాన్ని వేలితో మెల్లగా పైకి తోశాడు. "కట్టమ్మా, కట్టు," అన్నాడు దానితో. అది దిగిపోయింది.

ఆమె సంచిలోంచి సీసా తీసింది.

"ఆకు మీద చల్లు. పండినోటికి ఒంటి మీద చల్లినా చాలు. కానీ అన్నా, నీ షెడ్డుకే. ఎవురికీ చెప్పొద్దు. నా మీద ఒట్టు."

"ఏంటికి?"

"ఇంగా పరీక్షలో ఉండే మందు. చెప్పొద్దంతే."

మెరోవా ఎండిపోవాలి, అన్న మాత్రం పచ్చగా ఉండాలి. ఆ లెక్క తప్పేమీ కాదనే ఆమెకు అనిపించింది. గెస్ట్‌హౌస్‌కు వెళ్లి తలుపేసుకుంది.

అయితే ఆమె మరిచిపోయిన సంగతి ఒకటుంది. పురుగుల వీధిలో మందు ఒక షెడ్డులో ఆగదు. పక్క షెడ్డులో జబ్బు ఉంచుకుని తన షెడ్డు బాగుచేసుకున్న రైతు మడకశిరలో లేడు, మెరోవాలోనూ లేడు. గాలికి, ఈగకు గోడ అడ్డం కాదని వాళ్లకు బాగా తెలుసు. నంజుండప్ప సాయంత్రం దాకా ఆగాడు. తన చంద్రికల మీద మొదటి దారం పోగు మెరవగానే ఒట్టూ లేదు, గిట్టూ లేదు. మిగిలిన మందు బకెట్టు నీళ్లలో కలిపి బెనా గుమ్మం ముందుకు పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున తామిరా కారు పంపింది. వీధంతా గుంపు. అన్ని షెడ్లలోనూ చంద్రికల మీద తెల్లగా దారం పరుచుకుంటోంది. నంజుండప్ప మధ్యలో నిలబడి ఆ భాషలో గొంతెత్తి చెబుతున్నాడు, చెల్లెలివైపు చేయి చూపిస్తున్నాడు. అతని మొహం అంత వెలిగిపోవడం తోట ఉన్న రోజుల్లో కూడా ఆమె చూడలేదు. బెనా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

"ఏమన్నా, ఎవురికీ చెప్పొద్దంటి గదా!"

"ఉండు రత్నా, ఇది దాచేదా? మా చెల్లెలు ఒక్క పొద్దులో మందు కనిపెట్టిందని చెప్పినా. నమ్మల్యా వీళ్లు!"

తామిరా నమ్మలేదు. కోపం లేకుండా, నంజుండప్ప దగ్గర తీసుకున్న సీసా పట్టుకుని, ఆలోచిస్తున్న మొహంతో నిలబడింది. గంగరత్నను ఇంగ్లీషులో అడగలేదు. వీధి వినేలా వాళ్ల భాషలోనే నంజుండప్పతో ఏదో అంది. అతను నవ్వుతూనే తెలుగులోకి మార్చాడు.

"ఈ మందు యాడ చేసినావు, ఎప్పుడు చేసినావు అని అడుగుతాంది. నిన్న దిగి నిన్ననే ఎట్ల చేసిందబ్బా అని ఆశ్చర్యం ఆమెకు. చెప్పు, వీళ్లకు నేను చెప్తా."

అబద్ధం చెప్పడం ఎంతసేపు? రాత్రి గదిలో కలిపానంటే అన్న ఆ మాటే చెబుతాడు, ఆనందంగా చెబుతాడు. కానీ సీసా తామిరా చేతిలో ఉంది. రేపు ప్రయోగశాలలో అందులో మిగిలిన చుక్కల వయసు తేలుతుంది. అప్పుడు ఆ అబద్ధాన్ని తన నోటితో వీధికి చెప్పినవాడు నంజుండప్ప అవుతాడు. షెడ్డుతోపాటు మాట కూడా పోతుంది అతనికి. పరాయి దేశంలో అతనికి మిగిలింది ఆ మాటే.

"మన హిందూపురం ల్యాబులోనే, తోట పీకకముందే చేసినా," అంది గంగరత్న. "మందు ముందే ఉండింది. జబ్బు పంపింది గూడా నేనే. గుడ్లల్లో పెట్టి పంపినా. వీళ్ల షెడ్లు ఖాళీ కావాలని."

నంజుండప్ప మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. అర్థమయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

"నేనీడ ఉండానని తెలిసుంటే చేసేదానివి కాదు గదా?"

"కాదన్నా. అమ్మతోడు, చేసేదాన్ని కాదు."

"బెనా ఉందని తెలిసుంటే?"

బెనా ఇంకా గంగరత్న చేయి పట్టుకునే ఉంది, ఇద్దరి మొహాలూ చూస్తూ మంచి కబురు కోసం ఎదురుచూస్తోంది.

"మన ఊర్లో తోటలు మళ్లా నాటుతాండారన్నా," అంది గంగరత్న ఉక్రోషంగా. "గూళ్లకు ధర వచ్చింది. నీ కోసమే చేసినా. అంతా నీ కోసమే."

నంజుండప్ప షెడ్డులో చనిపోయిన పురుగుల కుప్పవైపు ఒకసారి చూశాడు. తర్వాత వీధివైపు తిరిగి ఆ భాషలో మాట్లాడాడు. మెల్లగా, ఒక్కో మాట ఆపి ఆపి చెప్పాడు. ఏదీ దాచినట్టు అనిపించలేదు. మధ్యలో బెనా చేయి ఆమె చేతిలోంచి జారిపోయింది. ఒక మగవాడు ముందుకు రాబోతే తామిరా ఆపింది.

"ఏం చెప్పినావన్నా?" అంది గంగరత్న.

అతను బుట్ట భుజానికెత్తుకున్నాడు.

"మీరు చెప్పిందే చెప్పినా డాక్టరమ్మా. రవ్వంత పక్కకు జరగండి, చంద్రికలు ఎండలోకి మార్చేదుంది."